ఓడెక్కిన దోమ

పాఠకుల ప్రశ్నలు – దోమల శాస్త్రం తెలిసినవారి జవాబులు

సరుకుతో పాటు దోమలు దేశాలు దాటడం గురించి వేసిన చిన్న వార్తకు చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం.

దోమ పుట్టినచోటు నుంచి అరకిలోమీటరు కూడా పోదని చదువుకున్నాం. అలాంటిది ఆసియా దోమ అమెరికాకు, యూరప్‌కు ఎలా చేరింది? గాలికి కొట్టుకుపోయిందా?
— జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, బొబ్బిలి

గాలికి కాదు. గుడ్డు రూపంలో, సరుకు మధ్యలో కూర్చుని వెళ్లింది. మీరు చదువుకున్నది, డెంగీ, చికున్‌గున్యా అంటించే ఏడిస్ దోమల విషయంలో నిజమే. అవి పుట్టినచోటుకు రెండు మూడు వందల మీటర్ల లోపలే బతుకు వెళ్లదీస్తాయి. వాటి గుడ్డు సంగతి మాత్రం వేరు. మురుగునీటి క్యూలెక్స్ దోమ గుడ్లన్నిటినీ తెప్పలా కట్టి నీటి మీద వదులుతుంది. ఆ తెప్ప ఎండితే గుడ్లు చస్తాయి. ఏడిస్ అలా కాదు, నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు గుడ్లను విడివిడిగా అంటిస్తుంది. రెండు మూడు రోజులు తడి ఉంటే చాలు, లోపల పిల్ల తయారైపోతుంది. ఆ తర్వాత నీళ్లు ఆరిపోయినా నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగిలినప్పుడు పగులుతుంది. ఓడ ప్రయాణం నెలా, నెలన్నర. గుడ్డుకు అదో లెక్క కాదు.

ఇక టైరు సంగతి. ఎలా పడేసినా అందులో కొంత నీరు నిలుస్తుంది, ఆ నీటిని బయటికి ఒంపడం మనిషికే కష్టం. నల్లగా, నీడగా ఉంటుంది. ఎండుటాకులు పడి కుళ్లి లార్వాలకు, అంటే నీటిలో పెరిగే దోమ పిల్లలకు, మేత అవుతాయి. అడవిలో ఈ దోమ వెతుక్కునే చెట్టు తొర్రకూ దీనికీ తేడా ఏమీ లేదు. ఒళ్లంతా నలుపు తెలుపు చారలుండే పులి దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, 1979లో అల్బేనియాలో, 1985లో అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో, 1990లో ఇటలీలోని జెనోవాలో కనబడింది. హ్యూస్టన్‌కు ఆసియా నుంచి వచ్చిన పాత టైర్లలో చేరింది. ఇటలీకి చాలావరకు అమెరికా నుంచి వచ్చిన టైర్లలోనే చేరింది. అంటే ఒకచోట స్థిరపడిన దోమకు ఆ కొత్త ఊరే మరో ఎగుమతి కేంద్రమైంది. ముప్పు అంచనాలో చాలామంది మరిచిపోయేది ఇదే: సరుకు బయల్దేరిన రేవు చూస్తారు కానీ, దోమ పుట్టిల్లు ఆ రేవే కానక్కర్లేదు.

టైర్ల కన్నా ముందు ఆ పని పీపాలు చేశాయి. హవాయి దీవుల్లో 1826 దాకా దోమే లేదు. ఆ ఏడాది లహైనా దగ్గర ఆగిన వెల్లింగ్టన్ అనే ఓడవాళ్లు పీపాల్లో అడుగున మిగిలిన నీళ్లు పారబోసి మంచినీళ్లు పట్టుకున్నారు. ఆ అడుగునీటిలో లార్వాలున్నాయి. తర్వాత పక్షుల మలేరియా కూడా అక్కడికి చేరాక, దాని దెబ్బకు ఆ దీవుల్లో తప్ప ఎక్కడా లేని అడవి పిట్టలు ఎన్నో తుడిచిపెట్టుకుపోయాయి.

రీట్రెడింగ్‌కు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పట్టీ వేయడానికి, పాత టైర్లు లోడ్ల లెక్కన కొంటుంటాం. వచ్చిన లోడులో దోమ గుడ్లు ఉన్నాయో లేదో చూడాలంటే ఎన్ని టైర్లు చూడాలి? ఎలా చూడాలి?
— టైర్ల వ్యాపారి, ఆటోనగర్, విజయవాడ

ముందు లెక్క. లోడు పెద్దదై, అందులో నూటికి ఒక టైరులో గుడ్లు ఉన్నాయనుకోండి. ఆ ఒక్కటైనా మీ చేతికి తగలాలంటే, 95 శాతం నమ్మకంతో, 300 టైర్లు చూడాలి. వెయ్యికి ఒకటి అయితే 3,000. సూత్రం తేలిక: 3ను మీరు పట్టుకోవాలనుకున్న నిష్పత్తితో భాగించండి. 20 టైర్లు తిప్పి చూసి ‘ఏమీ లేదు’ అని రాస్తే, దానర్థం నూటికి 15 టైర్లలో దోమ ఉన్నా ఉండొచ్చని మాత్రమే. పైగా ఈ లెక్క, గుడ్డున్న టైరు చేతికొస్తే దాన్ని కచ్చితంగా గుర్తుపడతారన్న ధీమా మీద నడుస్తుంది. రెండు టైర్లలో ఒకదాన్నే గుర్తుపట్టగలిగితే 300 కాస్తా 600 అవుతుంది.

ఏ టైర్లు తీస్తారన్నది కూడా ముఖ్యమే. తలుపు దగ్గరున్న వరసే తీసి చూడటం అందరికీ అలవాటు. పైవి, మధ్యవి, అడుగువి కలిపి తీయండి. నీళ్లు కారి అడుగుకే చేరతాయి కాబట్టి అడుగు వరసలో ఎక్కువ తీయండి.

నీళ్లున్న టైరైతే పని సులువు. రబ్బరు బల్బున్న గొట్టంతోనో, పెద్ద సిరంజితోనో నీళ్లు లాగి తెల్ల ట్రేలో పోయండి. నీడ పడితే లార్వాలు అడుగుకు దిగిపోతాయి, రెండు నిమిషాలు కదలకుండా ఆగండి. తలకిందులుగా వేలాడుతూ, కదిలినప్పుడు పాములా మెలికలు తిరిగేది ఏడిస్. నీటి పైపొర వెంట అడ్డంగా, పుల్లలా తేలితే అనాఫిలిస్, అంటే మలేరియా దోమల జాతి.

పొడి టైరుతోనే మోసపోతారు. ‘చుక్క నీళ్లు లేవు, పర్లేదు’ అని దించేస్తారు. గుడ్డు నువ్వుగింజలో సగం కూడా ఉండదు, నల్ల రబ్బరు మీద నల్ల గుడ్డు కంటికి ఆనదు. దానికి నీటి పరీక్ష చేయాలి. కుళాయి నీళ్లు బకెట్‌లో ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ పోతుంది. అందులో గుప్పెడు ఎండాకులు నానబెట్టండి. ఆకులు కుళ్లేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, గుడ్డు పగలడానికి అదే సంకేతం. ఆ నీళ్లు వడగట్టి, ఎంచిన టైర్లలో గుడ్లుండే మట్టం మునిగేలా పోసి మూడో రోజు చూడండి. ఏమీ లేకపోతే ఆరబెట్టి, వారం తర్వాత మళ్లీ పోయండి. ఏడిస్ గుడ్లన్నీ ఒక్క తడికే పగలవు. కొన్ని రెండో తడికి, కొన్ని మూడో తడికి పగులుతాయి. మొదటి వాన మోసం చేసినా వంశం నిలవడానికి అదొక ఏర్పాటు. నీళ్లు పోసిన టైరును ఐదో రోజు దాటనివ్వకండి. వేసవిలో గుడ్డు నుంచి దోమ దాకా వారం, పది రోజులే. పరీక్ష చేయబోయి దోమల్ని పెంచినవాళ్లవుతారు. ఆ నీళ్లను కాలువలో కాక ఎండిన మట్టి మీద పారబోయండి.

గుడ్లు దొరికితే నీళ్లు ఒంపినంత మాత్రాన పోవు, అవి జిగురుతో అంటుకుని ఉంటాయి. గట్టి బ్రష్‌తో లోపలి గోడ తోమి, మరిగే నీళ్లతో కడగాలి. రీట్రెడింగ్‌కు పనికిరాని టైర్లను ముక్కలు చేయించడమే మేలు. పనికొచ్చేవాటికి బెజ్జాలు పెట్టలేరు కాబట్టి రేకుల షెడ్డే గతి. టార్పాలిన్ కప్పేవాళ్లు వాలు లేకుండా కప్పుతారు. నాలుగు రోజుల్లో టార్పాలిన్ మీదే మడుగు కడుతుంది, టైర్లలోని దోమ పైకి మారుతుంది, అంతే తేడా. ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి విషవాయువు పట్టించడం) సర్టిఫికెట్ ఉన్న లోడైనా, అందులోని తేదీ ఒకసారి చూడండి. ఆ తర్వాత ఆరుబయట ఎన్నాళ్లు పడి ఉందన్నదే అసలు ప్రశ్న.

అమెరికా 1988లోనే, ఆసియా నుంచి వచ్చే పాత టైర్లు పొడిగా, శుభ్రంగా, పురుగు లేకుండా ఉండాలని నియమం పెట్టింది. అప్పటికే దోమ దిగి మూడేళ్లయింది. మన దగ్గర 2022 నిబంధనలతో, పైరాలిసిస్ నూనె తీయడానికి, అంటే గాలి తగలకుండా బాగా వేడిచేసి నూనె రాబట్టడానికి, వ్యర్థ టైర్ల దిగుమతిని నిషేధించారు. అది కాలుష్యం కోసం తెచ్చిన నియమం, దోమ కోసం కాదు. కానీ సరిగ్గా అమలైతే దోమకూ ఒక దారి మూసినట్టే.

లక్కీ బ్యాంబూ మొక్కలు అమ్ముతాం. వీటితో దోమలు వస్తాయని ఒక కొనుగోలుదారు వెనక్కి పంపాడు. ఇది నిజమేనా?
— నర్సరీ యజమాని, కడియం

నిజమే. 2001లో దక్షిణ చైనా నుంచి ఓడల్లో కాలిఫోర్నియా చేరిన లక్కీ బ్యాంబూలో పులి దోమ దొరికింది. అంతకుముందు ఈ మొక్కలను పొడిగా, విమానాల్లో పంపేవారు. గిరాకీ పెరిగాక ఖర్చు తగ్గించుకోవడానికి కంటెయినర్లలో, అడుగున కొద్దిపాటి నీళ్లలో నిలబెట్టి పంపడం మొదలుపెట్టారు. దోమకు అంతకన్నా మంచి క్యాబిన్ దొరకదు. తర్వాత 2005లో నెదర్లాండ్స్‌లోని గాజు ఇళ్లలోనూ ఇదే మొక్కతో వచ్చిన దోమ కనబడింది.

అయితే మీ నర్సరీకి పులి దోమ కొత్తేమీ కాదు. అది మన నేల దోమే, కొబ్బరి చిప్పల్లో, చెట్టు తొర్రల్లో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి మీ అసలు ముప్పు సరుకు తిరిగి రావడం, మీ షెడ్డు పనివాళ్లకు డెంగీ సోకడం. నీళ్లు మార్చడం ఒక్కటే చాలదు, గుడ్డు గాజు గోడకు అంటుకుని ఉంటుంది. వారానికొకసారి మొక్క తీసి, వేళ్లు ధారకింద కడిగి, సీసా లోపల బ్రష్ వేసి, కొత్త నీళ్లు పోయండి. బ్రొమీలియాడ్‌లు కూడా పెంచుతుంటే వాటి ఆకుల గిన్నెల్లో నిలిచే నీటిని మరిచిపోవద్దు. ఎగుమతికి పంపేవి నీళ్లు లేకుండా, కడిగిన వేళ్లతో ప్యాక్ చేయండి.

‘రిస్క్ అసెస్‌మెంట్’ అంటే చివరికి ఒక మ్యాప్‌కు ఎరుపు, పసుపు రంగులు వేయడమేనా? అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?
— ఎం.ఎస్సీ. జువాలజీ విద్యార్థిని, వరంగల్

రంగులు చివర వేస్తారు. అంతకుముందు గొలుసు కట్టాలి. సరుకులోకి దోమ ఎక్కాలి, ప్రయాణంలో బతకాలి, దిగినచోట నీళ్లు, రక్తం, జోడు దొరకాలి, అక్కడి చలికీ ఎండకూ తట్టుకోవాలి, ఆపైన రోగకారక క్రిమి మరో దారిలో వచ్చి దాన్ని కలవాలి. ఏ ఒక్క లంకె సున్నా అయినా మొత్తం సున్నా. అందుకే వీటిని కూడరు, గుణిస్తారు.

లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక రేవుకు ఏడాదికి 10,000 కంటెయినర్ల యంత్ర భాగాలు వస్తాయి. పదివేలలో ఒకదాంట్లో బతికున్న గుడ్లు ఉంటాయనుకుందాం: 1. దారిలో బతికే అవకాశం సగం: 0.5. దిగి స్థిరపడే అవకాశం నూటికి 2: మొత్తం 0.01. ఇంకో రేవుకు 200 కంటెయినర్ల పాత టైర్లే వస్తాయి. వందలో ఐదింట్లో గుడ్లు: 10. బతికేవి నూటికి 80: 8. ఆరుబయట యార్డులో వానాకాలంలో దించుతారు కాబట్టి స్థిరపడే అవకాశం నూటికి 20: 1.6. కంటెయినర్లు 50 రెట్లు తక్కువ, ముప్పు 160 రెట్లు ఎక్కువ. మొత్తం టన్నులు చూసి నిఘా పరికరాలు పంచే అధికారి మొదటి రేవుకే పంపుతాడు.

జోడు సంగతి చిన్నదనుకోకండి. ఎగిరొచ్చిన ఒంటరి కన్నె దోమ వంశం నిలపలేదు. ఒకే టైరులో ఉన్న వందల గుడ్లు ఒకే వానకు పగిలితే మగా ఆడా పక్కపక్కనే పుడతాయి. టైరును అంత ప్రమాదకరం చేసేది ఆ గుంపే.

వాతావరణం లెక్కలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. ఊరి సగటు వర్షపాతం చూసి ‘ఇక్కడ ఎడారి, దోమ బతకదు’ అని తేల్చేస్తారు. ట్యాంకుల్లో నీళ్లు దాచుకునే ఊళ్లో దోమకు వానతో పనేముంది?

మన డాబాల మీది ట్యాంకుల్లో పెరిగే దోమ ఆఫ్రికాలో మలేరియా పెంచుతోందని విన్నాం. అసలు ఇదెలా జరిగింది? మా అన్నయ్య ఇథియోపియాలో పనిచేస్తున్నాడు.
— పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

పై విద్యార్థిని ప్రశ్నకు అసలైన ఉదాహరణ మీదే. అనాఫిలిస్ స్టీఫెన్సీ మన నగరాల మలేరియా దోమ. ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపులు, బావులు, కట్టడాల దగ్గర క్యూరింగ్ నీళ్లు దీనికి ఇష్టం. దక్షిణాసియా నుంచి అరేబియా ద్వీపకల్పం దాకా దీని సొంత నేల. ఆఫ్రికాలో, ఎర్ర సముద్రం ఒడ్డునున్న చిన్న దేశం జిబూటీలో 2012లో మొదటిసారి కనబడింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి అవి 73,000 దాటాయి. పెరుగుదలకు ఇతర కారణాలూ ఉన్నా, ప్రధాన అనుమానం ఈ దోమ మీదే. తర్వాత ఇథియోపియా, సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా, ఘనాల్లోనూ దొరికింది. 2022లో ఇథియోపియాలోని డైర్ డావా నగరంలో వచ్చిన మలేరియా ఉప్పెనకు కారణం ఇదేనని తేలింది. మన పక్కనే శ్రీలంక మన్నార్‌లో 2016లో కనబడింది. మలేరియా లేని దేశంగా శ్రీలంకకు గుర్తింపు వచ్చిందీ అదే ఏడాది.

అనాఫిలిస్ గుడ్డు ఏడిస్ గుడ్డులా నెలల తరబడి ఎండకు తట్టుకోదు. కాబట్టి ఓడలోని చీకటి మూలల్లో దోమగానో, డెక్ మీద నిలిచిన నీళ్లలో లార్వాగానో వెళ్లి ఉండాలి. ఎర్ర సముద్రం దాటడం చిన్న ప్రయాణమే. 2011 నాటి ఓడ రవాణా లెక్కలను మాత్రమే తీసుకుని, ఆఫ్రికాలో ఏ దేశాలకు ఈ దోమ ముందుగా చేరే ముప్పుందో తర్వాత లెక్కగడితే, సూడాన్, జిబూటీలే పైన నిలిచాయి. సరిగ్గా ఆ చుట్టుపక్కలే అది మొదట దొరికింది. ఆ లెక్క 2011లోనే వేసి ఉంటే అన్నది వేరే బాధ.

ఆఫ్రికాలో దీన్ని పట్టుకోవడం ఎందుకు ఆలస్యమైందంటే, అక్కడి మలేరియా నిఘా పల్లెల్లో, వానాకాలంలో, గుడిసెల లోపల జరుగుతుంది. ఈ దోమ పట్నంలో, ఎండాకాలంలో, ట్యాంకుల్లో పెరుగుతుంది. పైగా దీన్ని అక్కడి పాత మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియేగా పొరబడి లెక్కలో కలిపేసే ప్రమాదం ఉంది. ఏ దోమో తేల్చడానికి ఆకారం ఒక్కటే చూసి వదలకుండా డీఎన్‌ఏ పరీక్ష చేస్తున్నది అందుకే.

మీ అన్నయ్యకు చెప్పాల్సినవి: పడకకు దోమతెర వాడాలి, కానీ ఈ దోమ సాయంత్రం నుంచే, బయట కూడా కుడుతుంది కాబట్టి తెర ఒక్కటే చాలదు, ఒంటికి రిపెల్లెంట్ రాసుకోవాలి. ఇంటి ట్యాంకు మూతకు సందు ఉండకూడదు, ఓవర్‌ఫ్లో గొట్టం చివర 1 మిల్లీమీటరు మించని రంధ్రాల జాలీ కట్టాలి. మూత సరిగ్గా ఉన్నా దోమ దూరేది చాలాసార్లు ఆ గొట్టం లోంచే. జ్వరం వస్తే ‘నగరంలో మలేరియా ఉండదులే’ అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇక్కడ మీ ట్యాంకుకూ ఇవే వర్తిస్తాయి. మూత పెట్టలేని వాడకపు నీటి తొట్టికి, మలేరియా సిబ్బంది ఇచ్చే, లార్వాలను చంపే 1 శాతం టెమిఫాస్ గుళికలైతే 100 లీటర్లకు 10 గ్రాములు చాలు, అంతకన్నా గుప్పించవద్దు.

దోమ వచ్చినంత మాత్రాన జబ్బు వచ్చేస్తుందా?
— పాఠకుడు, కడప

రాదు, వైరస్ కూడా రావాలి. ఇటలీలో పులి దోమ 1990 నుంచే ఉన్నా చికున్‌గున్యా 2007లో గానీ అంటుకోలేదు. ఆ వేసవిలో కేరళ నుంచి తిరిగొచ్చిన ఒకరికి కాస్టిగ్లియోనె ది చెర్వియా అనే పల్లెలో జ్వరం వచ్చింది. అక్కడి దోమలు దాన్ని 200 మందికి పైగా అంటించాయి. దోమను తెచ్చింది టైరు, వైరస్‌ను తెచ్చింది విమానం, మధ్యలో 17 ఏళ్లు. ఆ వైరస్‌లో, ఈ1 ప్రొటీన్ 226వ స్థానంలో ఒక చిన్న మార్పుంది. పులి దోమలో అది బాగా పెరగడానికి ఆ మార్పే తోడ్పడింది. 2005–06లో రాయలసీమలో కీళ్లు పట్టేసిన ఆ జ్వరం మీ ఊళ్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు మనకు దాన్ని ఎక్కువగా అంటించింది పులి దోమ కాదు, ఇళ్లలో ఉండే ఏడిస్ ఈజిప్టై.

మా వారు మర్చంట్ నేవీలో ఉన్నారు. ఓడల్లో దోమల తనిఖీ ఉంటుందా? ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఎందుకంత పట్టుబట్టి అడుగుతారు?
— గృహిణి, విశాఖపట్నం

ఉంటుంది. ఓడకు శానిటేషన్ సర్టిఫికెట్ కావాలి, దాని గడువు 6 నెలలు. తనిఖీలో తప్పిపోయేవి వంటగది, క్యాబిన్లు కాదు. లైఫ్‌బోట్ కవరు మడతల్లో నిలిచిన వాన నీరు, డెక్ మీద నీళ్లు పోయే తూములు, ఓడ పక్కన గుద్దుడు ఆపడానికి వేలాడదీసే పాత టైర్లు, ఇవి చూడాలి. ఒడ్డున రేవు చుట్టూ కనీసం 400 మీటర్ల దాకా దోమల నియంత్రణ ఉండాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతాయి. ఏడిస్ ఎంత దూరం ఎగురుతుందో మొదటి జవాబులో చూశారు కదా, ఆ 400కు అర్థం అదే.

ఎల్లో ఫీవర్ విషయంలో మన దేశం గట్టిగా ఉండక తప్పదు. దాన్ని అంటించే ఏడిస్ ఈజిప్టై ఊరూరా ఉంది, జబ్బు మాత్రం ఇంకా రాలేదు. గొలుసులో ఒక్క లంకే మిగిలింది. అందుకే ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని ఆ జబ్బున్న దేశాల నుంచి టీకా లేకుండా వస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. టీకా వేయించుకున్న 10వ రోజు నుంచి కార్డు చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు. బయల్దేరే ముందు రోజు టీకా వేయించుకుని ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

ఒకసారి దిగిన విదేశీ దోమను పూర్తిగా వెళ్లగొట్టిన దేశం ఉందా?
— పాఠకుడు, ఖమ్మం

ఉంది. ఆఫ్రికా మలేరియా దోమ 1930లో బ్రెజిల్‌లోని నటాల్‌లో దొరికింది. పశ్చిమ ఆఫ్రికాలోని డాకర్ నుంచి వచ్చే వేగపు ఓడల్లో వచ్చిందని భావిస్తారు. నటాల్‌లో అణచి, పనైపోయిందనుకున్నారు. అది తీరం వెంట లోపలికి జారుకుంది. 1938లో వేల మందిని బలిగొంది. అప్పుడు అమెరికా వైద్యుడు ఫ్రెడ్ సోపర్ నాయకత్వంలో వేల మంది సిబ్బంది ఇల్లిల్లూ, గుంటగుంటా వెతికి 1940 నాటికి వెళ్లగొట్టారు. న్యూజిలాండ్ 1998లో నేపియర్‌లో దొరికిన ఆస్ట్రేలియా ఉప్పునీటి దోమను పోగొట్టామని 2010లో ప్రకటించింది. ఒకటి పదేళ్లు, ఇంకొకటి పన్నెండేళ్లు.

కాలనీలో పొగ కొట్టిస్తే గుడ్లు చస్తాయా?
— కాలనీ సంఘం కార్యదర్శి, గుంటూరు

చావవు. లార్వాలకూ ఏమీ కాదు. ఆ క్షణాన ఎగురుతున్న దోమలు కొన్ని చస్తాయి. ఆ ఖర్చుతో కాలనీలో ఎక్కడెక్కడ పాత టైర్లున్నాయో లెక్క తీయించి, షెడ్డులోకి మార్పించండి.